పదీ ఇరవైకి పూయవలసిన ఆర్కిడ్లు

చేయవలసిన పనులు: మంత్రిగారి నలభై అడుగుల కటౌటు నిలబెట్టడం. ఎర్ర తివాచీ పరవడం. జీడిపప్పు వేయించడం, ఉప్పుది వేరే, కారంది వేరే. శుక్రవారం పదీ ఇరవైకి, రాహుకాలం తగలకముందే, నలభై ఆర్కిడ్లు పూయడం.

మద్రాసు పేరు చెన్నై అయిన ఏడాది అది. మొదటి మూడు పనులూ సర్కారు తోట జాయింట్ డైరెక్టర్ కృష్ణస్వామిగారు స్వయంగా నెత్తిన వేసుకున్నారు. నాలుగోది టెంపరరీ ఉద్యోగి దామోదరానికి దక్కింది. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ల ఇంట డిగ్రీ చదివిన మొదటివాడు. పూలు పూస్తే ఉద్యోగం పర్మనెంటు. ఆర్డరు టైపై, సంతకానికి కాచుకొని ఉంది.

దామోదరం పుస్తకం చూసి, హార్మోను మందు చుక్కలు కొలిచి, రెండు నెలలు పిచికారీ చేశాడు. మొక్కలు మాట విన్నాయి. ఒక్కటే తప్పు. బుధవారమే పూశాయి.

"సార్, పూసేశాయి!"

కృష్ణస్వామిగారు కుర్చీలో కూలబడ్డారు. "మంత్రిగారు రాకముందే పూసేదానికి ఎవరయ్యా పర్మిషన్ ఇచ్చింది?"

"నెల దాకా వాడవు సార్. శుక్రవారం కూడా ఇట్లే ఉంటాయి."

"పూసి ఉండేదాన్ని ఆయనేం ప్రారంభిస్తారు? మూసెయ్!"

పూసిన పువ్వును మూసే పాఠం బి.ఎస్సీ.లో లేదు. దామోదరం తల్లిని పిలుచుకొచ్చాడు. మునియక్క ముప్పై ఏళ్లుగా పూలు కట్టి అమ్ముతోంది. ఒక్కొక్క పువ్వునూ మొగ్గలా ముడిచి, దారంతో లాగితే ఊడే ముడి వేసింది.

"పూలు కట్టి బతికినాను గానీ, పూలను అరెస్టు చేసేది ఇదే మొదలు రా నాయనా," అంది.

శుక్రవారం మంత్రిగారు ప్రారంభోత్సవంగా మొక్కల మీద హార్మోను మందు పిచికారీ సీసా ఒక్కసారి నొక్కారు. తొట్ల వెనక బోర్లా పడుకున్న దామోదరం దారాలన్నీ ఒక్కసారిగా లాగాడు. నలభై పూలూ విచ్చుకున్నాయి. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

"ఎంతసేపు పట్టింది దీనికి?"

"తమరు నొక్కినంతసేపే సార్!" అన్నారు కృష్ణస్వామిగారు.

మంత్రిగారు ప్రజాధనం గురించి ఒక క్షణం ఆలోచించారు. "ఒక్క నొక్కుకే పూసేదానికి ఇంక మనుషులెందుకయ్యా? టెంపరరీ పోస్టులన్నీ ఎత్తేయండి."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మరుసటేడు ఆ ఫోటోనే క్యాలెండరుకెక్కింది. మంత్రిగారు, కృష్ణస్వామిగారు, పూలు. ఎడమపక్క తొట్టి అంచున దారం చుట్టుకున్న బొటనవేలు ఒకటి కనపడుతుంది. మీ ఇంట్లో ఆ క్యాలెండరు ఉంటే, నెల తిప్పేటప్పుడు దయచేసి దామోదరాన్ని ఒకసారి తలుచుకోండి.