ఇంటింటికీ బయలు

కొండకింద బయలును కాపాడే పనిలో ఊరివాళ్లను కూడా కలుపుకోవాలని పైనుంచి ఉత్తర్వు రావడంతో, పంచాయతీవారు బయలును కోసి, రేషన్ కార్డుకు ఒక ముక్క చొప్పున ఇళ్లకు పంచారు. భూలక్ష్మి ఇంటికి వచ్చిన ముక్కలో కాస్త గడ్డి, కాస్త గాలి, ఒక తీతువుపిట్ట ఉన్నాయి. దుప్పటిలా మడతలు పెట్టి ఇచ్చారు. మంచం కింద పెట్టుకోమన్నారు. తడి తగలకూడదు, తొక్కకూడదు. బయలును కాపాడే ప్రణాళిక పూర్తయ్యేవరకు ఎవరి ముక్కకు వారే బాధ్యులు.

బయలు తీసేసిన చోట ఇప్పుడు ఏమీ లేదు. అంతకుముందూ ఏమీ లేదు గాని, అప్పుడు అందులో నడవడానికి వీలుండేది. ఇప్పుడు అంచుదాకా వెళ్లిన మేకలు కాసేపు నిలబడి తిరిగొచ్చేస్తున్నాయి. పిల్లలు అరుగుల మీద కూర్చుంటున్నారు.

భూలక్ష్మి కూతురు మోక్షితకు ఏడాది దాటినా అడుగు పడలేదు. గోడ పట్టుకుని లేచేది, చేయి వదిలేది, మంచంకోడు తగిలి కూర్చుండిపోయేది. ఉన్నది ఒక్కటే గది. ఆ బెంగతో భూలక్ష్మికి తిండి సహించేది కాదు. కాళ్లు బాగానే ఉన్నాయి, జాగా చూపించమని నర్సమ్మ చెప్పింది.

"మన ముక్క మంచం కిందే ఉంది కదత్తా. ఒక్క మడత ఇప్పనా?"

"తొక్కొద్దన్నారు కదే," అంది అత్త దాలమ్మ.

"దీని పాదం ఎంతుంటాదత్తా? నా అరచేతిలో సగం నేదు."

దాలమ్మ ఆలోచించింది. "అయితే కాళ్లు కడిగి దించు."

మడత విప్పగానే గాలి వచ్చి గోడమీది క్యాలెండరు రెపరెపలాడింది. పాప గడ్డి మీద నిలబడింది. దేన్నీ పట్టుకోకుండా రెండడుగులు వేసింది, తర్వాత మూడోది. ముక్క చూడడానికి దుప్పటంతే గాని, లోపల బయలుకు ఉండాల్సినంత ఉంది. పాప తీతువు వెనకపడి చాలా దూరం వెళ్లింది. అడుగులకు అరిసెలు పంచాలని దాలమ్మ కళ్లు తుడుచుకుంటూ బియ్యం నానబోసింది.

ఆ సమయానికే ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు.

"మీ ముక్క ఖాళీగా లేదమ్మా. ఇందులో ఒక పాప ఉంది."

"నా కూతురే బాబూ. పిలిస్తే వచ్చేస్తాది."

"పిలవకండి. బయలులో ఉన్నది ఏదైనా సరే, గ్రామసభ ఒప్పుకోకుండా బయటికి తీయకూడదు. గడ్డయినా, పిట్టయినా."

"దాన్ని నానే దించాను బాబూ!"

"చాలా సంతోషం. ప్రజల భాగస్వామ్యమంటే అదేనమ్మా."

సభ భూలక్ష్మి వాకిట్లోనే పెట్టారు. బయలును అందులో ఉన్నవాటితో సహా కాపాడాలని కార్యదర్శి తీర్మానం చదివాడు. ఒప్పుకున్నవారు చేతులెత్తాలి.

"ఉండనీయే భూలచ్చీ," అంది పక్కింటి ఎర్రయ్యమ్మ, చెయ్యెత్తుతూ. "మావోడు అరుగుమీద కూకుని కూకుని కాళ్లున్న సంగతే మరిసిపోనాడు. నీదాని అదురుష్టం."

అప్పుడే తెరిచిన తలుపులోంచి, ముక్కలో దూరాన, మోకాళ్లకు దుమ్ముతో పాప కనిపించింది. భూలక్ష్మి రమ్మని చెయ్యెత్తి ఊపింది. కార్యదర్శి ఆ చేతినీ లెక్కలో కలిపాడు.

"ఒప్పుకోడానికి కాదు బాబూ, పిల్లని పిలిచాను!"

"పరవాలేదమ్మా. గట్టిగా ఊపినా ఒకటిగానే వేశాం."

అమ్మను చూసి పాప కూడా చెయ్యెత్తింది. దాంతో తీర్మానం ఏకగ్రీవమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రణాళిక పూర్తయ్యేవరకు తల్లి అంచు దగ్గర కూర్చోవచ్చని, మోచేతివరకు లోపల పెట్టవచ్చని అనుమతి ఇచ్చారు. భూలక్ష్మి దండం పెట్టింది. ఆ వారంలోనే మిగతా తల్లులు కూడా తమ ముక్కల మడతలు విప్పారు. ఊళ్లో అరుగులన్నీ ఖాళీ అయ్యాయి.

ప్రణాళిక సాగుతోంది. మోక్షిత అన్నానికి అంచుదాకా వస్తుంది. భూలక్ష్మి మోచేతివరకు చెయ్యి చాపి తల నిమిరేది. ఈమధ్య తల అందడం లేదు, భుజమే అందుతోంది. పిల్ల బాగా ఎదుగుతోందని అందరితో చెబుతోంది.