సున్నా వచ్చిన వీధి

మంగళవారం పొద్దున్నే హీనా పెట్టుకున్న పని చిన్నదే. రెండు సీసాలు నింపి, ఐసు పెట్టెలో సర్ది, తొమ్మిది గంటల బస్సుకు ఎక్కించాలి. గురజాల మురుగునీటిలో ఏయే వైరస్‌లు ఉన్నాయో వాటి జన్యువులు చదివి చెప్పే ల్యాబు నగరంలో ఉంది. దానికోసం ఇక్కడ నీళ్లు ముంచి పంపే కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ఒక సీసా తాముండే దర్గా వీధి సైడు కాలువలో ముంచింది. రెండోది ధనుంజయరావు కొత్త మేడ ముందున్న సిమెంటు కాలువలో ముంచింది.

ఆమె తండ్రి అలీ సాహెబ్ పెళ్లిళ్లకు బిరియానీ వండే మేస్త్రి. క్యాటరింగువాళ్లు దిగినప్పటి నుంచి ఆయన్ని పిలిచే దిక్కు లేదు. నాలుగు నెలల తర్వాత ఒక్క వంట కుదిరింది. నెలాఖరు ఆదివారం ధనుంజయరావు కూతురు నీలిమ నిశ్చితార్థం, ఐదు వందల మందికి భోజనాలు. ఇది కూడా చెడితే గరిటె పారేసి నడికుడి స్టేషన్లో మూటలు మోయాలని ఆయన తీర్మానించుకున్నాడు.

పదో రోజున రిపోర్టు వచ్చింది. ఏవో పొడి ఇంగ్లీషు అక్షరాల పేరున్న వైరస్. దర్గా వీధికి ఎదురుగా లక్షల్లో అంకె, మేడకు ఎదురుగా సున్నా. హీనా అర్థం చేసుకునేలోపే శానిటరీ ఇన్‌స్పెక్టర్ త్రికోటేశ్వరరావు దాన్ని పదో తరగతి ఫలితాల్లాగా వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

మధ్యాహ్నానికి దర్గా వీధి బ్లీచింగ్ పౌడరుతో తెల్లబడింది. పాలామె పాకెట్లను వీధి మొదట్లో కరెంటు స్తంభానికి తగిలించి వెళ్లిపోయింది. నర్సు ప్రిస్కిల్లా ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసింది. ఒక్కరికీ లేదు.

"లేకపోయేసరికే భయంగా ఉందమ్మా. లోపల్లోపల ఏం జరుగుతుందో ఏమో," అంది.

సాయంత్రానికి ధనుంజయరావు గేటుకు ఫ్లెక్సీ లేచింది: 'మా వీధిలో వైరస్ సున్నా'. పక్కనే నవ్వుతూ చేతులు జోడించిన ఆయన ఫొటో.

మరునాడు ఆయన భార్య సీతారావమ్మ అలీ సాహెబ్‌కు ఫోను చేసింది. "ఏమనుకోమాక అన్నయ్యా. నీ చెయ్యి మంచిదే. మీ వీధే మంచిది గాదంట. వియ్యాలవాళ్లు చానా సుబ్బరం మనుషులు."

"గంటసేపు దమ్ మీద ఉడికినాక ఏ వైరస్ బతికిద్దమ్మా?" అన్నాడు అలీ సాహెబ్.

"వైరస్ చచ్చిద్ది అన్నయ్యా, మాట చావదు గదా."

ఆయన ఫోను పెట్టేసి, వంట దేగిసాల మీద దుప్పటి కప్పాడు.

"శవానికి కప్పినట్టు నిండా కప్పమాకయ్యా, అయ్యింకా పోలా," అంది భార్య ఖాతూన్ బీ.

హీనా ల్యాబుకు ఫోను చేసింది. అవతలి మేడం నవ్వింది. "అది మనుషుల జబ్బు కాదమ్మా, మిరప మొక్కకొచ్చే తెగులు. కారం తిన్నవాళ్ల కడుపులోంచి అలాగే బయటికొస్తుంది. మనల్నేం చెయ్యదు. సీసాలో మనుషుల మురుగు ఉందో లేదో తెలియడానికి దాన్ని చూస్తాం. మీ పల్నాడులో లక్షలు రాకపోతేనే మాకు అనుమానం."

హీనా మేడకు పరుగెత్తింది. వరండాలో వియ్యాలవాళ్లు కాఫీ తాగుతున్నారు. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"మిరపకాయదా! ఇంతేనా!" సీతారావమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "దేగిసాలు కడుక్కోమను మీ నాయన్ని."

అప్పుడే వెనక్కి తిరిగి వచ్చేసి ఉంటే బాగుండేది. కానీ పెళ్లికొడుకు మేనమామ కప్పు కింద పెట్టాడు. "ఒక్క నిమిషం పాపా. మీరు కారం తిన్నారు, లక్షలొచ్చినయ్. మరి వీళ్లకి సున్నా ఏంది? వీళ్లు కారం తినరా?"

నిజం చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో హీనాకు తెలియలేదు. "తింటారండీ. ఈ ఇంటి మురుగు ఆ సైడు కాలువలోకి రావట్లేదు. అందులో ఉన్నయ్యి కారు కడిగిన నీళ్లే."

"మరి దొడ్డి పైపు ఎటు పోయిద్ది బావగారూ?"

ధనుంజయరావు ఖాళీ కాఫీ కప్పులు ఏరడం మొదలుపెట్టాడు. మేనమామ చెప్పులేసుకుని మేడ వెనక్కి నడిచాడు. ప్రహరీ కింద నుంచి లావుపాటి పైపొకటి దిగి, సాగర్ కాలువలో మూతి పెట్టి ఉంది. వియ్యాలవాళ్లది ఆ కాలువకు దిగువనున్న ఊరు. వాళ్లు తాగేది ఆ నీళ్లే.

"మేడ కట్టి ఎన్నేళ్లయింది?" అన్నాడు తిరిగొచ్చి.

"మూడు," అంది సీతారావమ్మ, నేల చూస్తూ.

"పదండి పోదాం," అన్నాడు మేనమామ తనవాళ్లతో. "మూడేళ్ల నుంచీ వీళ్ల మర్యాదలు తాగుతానే ఉన్నాం."

కారు కదిలింది. మేడ మీద నీలిమ గది కిటికీ మూసుకుంది.

సాయంత్రానికి దర్గా వీధి పరువు తిరిగొచ్చింది. పాలామె గడప దాకా వచ్చి, పాకెట్టు చేతికిచ్చి పోయింది. నిశ్చితార్థం మాత్రం ఆగిపోయింది. అలీ సాహెబ్ కూతురు చెప్పిందంతా విని, దేగిసాల మీద దుప్పటి సరిచేశాడు.

"నిజం చెప్పావు, మంచిదే బేటీ," అన్నాడు. "ఆదివారం దమ్ దింపిందాకా ఆగితే ఏం పోయేది?"