పులిని పాఠానికి పిలిచిన బడి

ఒక పెద్ద అడవిలో కుందేలు పిల్లలకూ జింక పిల్లలకూ కలిపి ఒకే బడి ఉండేది. పాఠం కూడా ఒక్కటే: పులి వస్తే ఏం చేయాలి?

ఆ పాఠం చెప్పేది తీతువు టీచరు. పులి పడుకుని లేచిన చోటి గడ్డి తెచ్చి పిల్లల చేత వాసన చూపించేది. తాను కూత పెట్టగానే అందరూ తలో దిక్కుకు పరుగెత్తి ముళ్లపొదల్లో దూరాలి. వెనక్కి తిరిగి చూసినవాడు ఓడినట్టు.

పొట్టిగాడు అనే కుందేలు పిల్ల రోజూ వెనక్కి చూసేవాడు, రోజూ ఓడేవాడు. టీచరు వాణ్ని తిట్టలేదు.

"రేపటి నుంచి ఆట నడిపించేది నువ్వేరా. ఎవరు తప్పు చేస్తున్నారో కనిపెట్టి నాకు చెప్పు" అంది.

ఇతరుల తప్పులు పట్టే పని అప్పగిస్తే ఎంతటి మొద్దుకైనా పాఠం మీద శ్రద్ధ కుదురుతుంది. వాడికీ కుదిరింది.

హెడ్మాస్టరు ఎలుగుబంటికి ఈ గోల నచ్చేది కాదు. "పొద్దున్నే మీ కూతలేమిటి టీచరమ్మా? అసలే తీతువు కూత అపశకునమంటారు."

"పులి వచ్చి వెళ్లాక కూయమంటారా సార్?"

ఇంతలో నెమలిగారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. పాఠంలోని వస్తువును పిల్లలకు ప్రత్యక్షంగా చూపించిన బడికి బహుమతి అట. ఎలుగు నేరుగా పులి గుహకు వెళ్లాడు.

"కాసేపు వచ్చి కూర్చుంటే చాలండీ, బోధనోపకరణంగా."

"పిల్లల చదువు కంటే నాకు ముఖ్యమైన పనేముంది? వస్తాను. ఇంతకీ పిల్లలు బాగా వస్తారా?" అంది పులి.

"హాజరు నూటికి నూరు శాతం" అన్నాడు ఎలుగు గర్వంగా.

తీతువు వద్దని మొత్తుకుంది. "పులి నాకు మాటిచ్చిందమ్మా" అన్నాడు ఎలుగు. ఆకలి మీదున్నవాడి మాటకు విలువ కట్టేవాడు బహుమతి మీద ఆశ ఉన్నవాడొక్కడే.

తనిఖీ రోజున నెమలి కుర్చీలో కూర్చుని, "టీచరు నోరెత్తకూడదు. పిల్లలు తమంతట తామే నేర్చుకోవాలి. అదే కొత్త పద్ధతి" అన్నాడు.

పులి లోపలికి అడుగు పెట్టింది. తీతువు ఇక ఆగలేక నోరు తెరిచేలోపే పులి వాసనకు పొట్టిగాడి ముక్కు అదిరింది. కాలితో నేలను దబదబా కొట్టాడు. క్షణంలో బడి ఖాళీ అయింది. ఒక్కరూ వెనక్కి చూడలేదు. ఎలుగు చెట్టెక్కాడు.

నెమలి మాత్రం తలదించుకుని రిపోర్టు రాస్తూనే ఉన్నాడు. పులి పంజాకు అతని తోక దొరికింది. కెవ్వున అరిచి కొమ్మ మీదికి ఎగిరాడు గానీ, తోక కింద ఉండిపోయింది.

పులి ఈకలు ఉమ్ముకుంటూ, "ఇదేనా మీ మధ్యాహ్న భోజనం?" అని విసుక్కుని వెళ్లిపోయింది.

"పిల్లలందరూ క్షేమం సార్. పాఠం వచ్చినట్టేనా?" అని తీతువు అడిగింది.

నెమలి గొంతు సవరించుకున్నాడు. "ఉపకరణం చాలా బాగుంది. పిల్లలే, గంట కొట్టకముందే లేచిపోయారు. క్రమశిక్షణ సున్నా."

"చిత్తం సార్" అన్నాడు ఎలుగు పై కొమ్మ నుంచి.

కనుక పెద్దలు గ్రహించవలసిన నీతి: పాఠం బాగా వచ్చిన పిల్లలు తనిఖీలో తప్పుతారు.