గొట్టం పగలగొట్టబడినది

ఆ రోజు గుమాస్తా పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. నీటి సరఫరా ఆఫీసుకు అందరికంటే ముందు వెళ్ళాలి, ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఆఫీసరుగారి చేత సంతకం పెట్టించుకోవాలి, సాయంత్రం భార్యకు ఆ కబురు చెప్పాలి. ఇప్పటికే ఆ సంతకం ఒకసారి వాయిదా పడింది. ఈసారి కూడా పడిందంటే ఇంటికి పంపించేస్తారు.

ఆఫీసరుగారికి ఒక్కటే పిచ్చి, కర్మణి ప్రయోగం. ఆఫీసు వాక్యంలో పని కనపడాలే గానీ మనిషి కనపడకూడదని, మనిషి కనపడ్డాడంటే చిక్కుల్లో పడ్డట్టేనని రోజూ పాఠం చెప్పేవారు. గుమాస్తాకు ఇదేదో మంత్రంలా తోచి, ముందు ఇంట్లోనే ప్రయోగించి చూశాడు. "పాలు పొంగించబడ్డాయి," అన్నాడు. "ఎవరు పొంగించారో ఆయన్నే పొయ్యి తుడవమనండి," అంటూ భార్య గుడ్డ చేతికిచ్చింది. మంత్రం ఇంట్లో పారలేదు. ఆఫీసులో ఎలా పారుతుందో చూడాలని మాత్రం మహా కుతూహలంగా ఉంది.

వెళ్ళేసరికి గేటు పక్కన పైపు పగిలి నీళ్ళు వీధిన పడి పోతున్నాయి. ఎన్నడూ లేనిది ఆఫీసరుగారు అప్పటికే వచ్చి, చెమటలు తుడుచుకుంటూ గుమాస్తా చేత ప్రకటన రాయించారు. నీటి గొట్టం పగలగొట్టబడినది, సరఫరా నిలిపివేయబడినది.

"ఎవరు పగలగొట్టారు సార్?"

"అదే అడగకూడదని కదయ్యా ఇన్నాళ్ళూ చెప్తున్నాను."

గుమాస్తా దాన్ని గేటుకు అంటించాడు. పైపు పగిలిందని రాసి ఉంటే జనం ఆఫీసును నాలుగు తిట్లు తిట్టి, బిందెలతో వేరే వీధికి పోయేవాళ్ళు. పగలగొట్టబడింది అనేసరికి, మరి పగలగొట్టినవాడెవడని అందరికీ దురద పుట్టింది. పక్క వీధివాళ్ళు పాలవాడిని అనుమానించారు. నీళ్ళు లేకపోతే అందరికంటే నష్టపోయేది అతనే కదా అని ఇస్త్రీ చేసే ఆవిడ అడ్డుపడింది. దాంతో పాలవాడికి కోపమొచ్చి పక్క వీధిమీదే కుట్ర అంటగట్టాడు. మధ్యాహ్నానికి ఆ కుట్ర ఎంత ముదిరిందంటే, పై అధికారిణి స్వయంగా వచ్చి దిగింది.

ఇది ఎవరి పని అని ఆమె అడిగితే, విచారణ జరపబడుతోంది అన్నారు ఆఫీసరుగారు.

"ఎవరు జరుపుతున్నారు?"

ఆఫీసరుగారి చూపు గదంతా తిరిగి తిరిగి గుమాస్తా మీద ఆగింది.

గుమాస్తా వెళ్ళి పైపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బురదలో ఎర్ర గాజు ముక్కలు, పైపుకు అంటుకున్న నీలం రంగు. తలెత్తి, మూలన ఆగి ఉన్న ఆఫీసరుగారి నీలం కారు వంక చూశాడు. దాని వెనక దీపం ఒకటి లేదు. చెబితే సంతకం గంగలో కలిసినట్టే. చెప్పకపోతే, ప్రకటన రాసినవాడికి తెలియకుండా ఉంటుందా అని బిందెలవాళ్ళు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు.

"తేలిందా?" అంది ఆఫీసరుగారితో పాటు వెనకే వచ్చిన అధికారిణి.

"తేల్చబడింది మేడమ్. ఒక నీలం కారు వెనక్కి నడపబడింది. పైపు గుద్దబడింది. తర్వాత ఆ కారు అదిగో, ఆ మూలన నిలపబడింది."

మనిషి పేరు ఎక్కడా రాలేదు. పాఠం పొల్లుపోలేదు. అయినా తలలన్నీ ఆ మూలకే తిరిగాయి.

"నడపబడిన మాట..." అని ఆఫీసరుగారు మొదలుపెట్టారు గానీ వాక్యం ముందుకు సాగలేదు. "నేనే గుద్దానండీ. భయమేసి చెప్పలేదు," అన్నారు చివరికి.

ఇక జనం మీద పడతారని గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ పడలేదు. ఎవరో తెలిసిపోయాక అందరికీ ఉత్సాహం చప్పబడింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పుంటే ఈపాటికి వంట కూడా అయిపోయేది కదా నాయనా," అంటూ ఒక ముసలమ్మ బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. అధికారిణి పైపు బాగుచేయించమని చెప్పి, నవ్వాపుకుంటూ కారెక్కింది.

ఆఫీసరుగారు గదిలోకి పోయి తలుపేసుకున్నారు. గుమాస్తా సంతకం మీద ఆశ వదులుకుని సంచి సర్దుకున్నాడు. సాయంత్రం బల్ల మీద కాగితం కనిపించింది. అతని ఉద్యోగం ఖాయం చేయబడినది. కింద సంతకం చోట, ఎవరిదో పోల్చుకోలేని వంకర గీత ఒకటి ఉంది.

ఎవరి చేత అని గుమాస్తా అడగలేదు.