నూటొక్క డిగ్రీలు

ఆ రోజు పొద్దున సోమన్న పెట్టుకున్న పనులు రెండే. కొత్తగా వచ్చిన మిషన్‌కు కొబ్బరికాయ కొట్టాలి. తర్వాత, తన గది ఉంటుందో పోతుందో తేలేదాకా నోరు మూసుకొని కూర్చోవాలి.

సూర్యాపేట దాటాక హైవే పక్కనున్న, పెయింటులో కలిపే థిన్నర్ ఫ్యాక్టరీలో సోమన్న పన్నెండేళ్లుగా వాచ్‌మన్. భార్య సరోజనతో, నర్సింగ్ చదివే కూతురు నాగరాణితో డ్రమ్ముల గోదామును ఆనుకొని ఉన్న గదిలో ఉంటాడు. మధ్యలో గోడ ఒక్కటే. ఇటు వీళ్ల మంచం, అటు డ్రమ్ములు. పోయిన వారం కొత్తరకం థిన్నర్ దిగింది. అది ఎంత వేడికి మరుగుతుందో ఆ మిషన్ మీద కొలవడానికి మిర్యాలగూడ నుంచి సేఫ్టీ ఆఫీసరు ప్రశాంతి వస్తోంది. తక్కువ వేడికే మరిగిందంటే తొందరగా అంటుకునే సరుకన్నమాట. పక్కన మనుషులు ఉండకూడదు. నాగరాణి పరీక్షలకు పదిరోజులే ఉన్నాయి. పన్నెండేళ్లు ఆ గోడకు తల ఆనించి పడుకుంటే ఎవరికీ గుర్తురాని ప్రమాదం సరిగ్గా ఇప్పుడే గుర్తొచ్చింది.

"ఎంతకు మరిగితే మనకు మంచిది?" అడిగింది సరోజన.

"ఎంత లేటుగ మరిగితే అంత మంచిదంట. నీళ్లలెక్క మరిగితే ఇగ రంది లేదని సంజీవ్ సారు చెప్పిండు."

"అయితే కాయ జర గట్టిగ మొక్కి కొట్టు."

ల్యాబులో కెమిస్టు సంజీవ్ కొత్త థిన్నర్‌ను ఒక బీకరులో పోసి, గాజు మూత పెట్టి, మిషన్ ముందు ఉంచి, మేడంను తీసుకురావడానికి గేటుకు వెళ్లాడు. అప్పుడొచ్చాడు సోమన్న. ఆ ఫ్యాక్టరీలో మోటరు వచ్చినా, కాటా వచ్చినా, ఓనరు ఆఫీసులో ఏసీ పెట్టినా కాయ కొట్టనిదే స్విచ్ వేయరు. కొట్టేది సోమన్నే. గడప మీద కాయ కొట్టి, తీర్థం నేలపాలు కాకుండా, కడిగి బోర్లించిన ఇంకో బీకరులో పట్టాడు. ఈగలు వాలకుండా దానికీ ఒక గాజు మూత పెట్టాడు. దేవుడి నీళ్లు మిషన్‌కు దగ్గరగా ఉండాలి కదా. అందుకని అడ్డంగా ఉన్న మొదటి బీకరును కిటికీలోకి జరిపి, ఆ చోట దీన్ని పెట్టి, దండం పెట్టుకొని బయటికొచ్చాడు.

ప్రశాంతి వస్తూనే అందరికీ మాస్కులు పెట్టించింది. మిషన్ ముందున్న బీకరును ఎత్తి వెలుగులో చూసింది.

"ఇది జర మబ్బుగున్నట్టుంది కదా?"

"కొత్త లోడు మేడం. అలాగే ఉంటుందండి," అన్నాడు సంజీవ్. అతనిది కోదాడ, తెలియదని ఒప్పుకోవడం అతని డిగ్రీకి నామోషీ.

వేడి పెట్టారు. డెబ్బై దాటింది. తొంభై దాటింది. నూటొక్క దగ్గర గళగళా మరిగింది. 'నూటొక్క డిగ్రీలు, ప్రమాదం లేదు' అని ప్రశాంతి రిజిస్టరులో రాసింది. గుమ్మంలో నిలబడ్డ సోమన్న కళ్లు మూసుకొని మైసమ్మకు మొక్కాడు.

ఓనరు జవహర్ ముందుకొచ్చాడు. "అంటే పక్కన మనుషులు ఉండొచ్చా మేడం?"

"ఈ అంకె చూస్తే నీళ్లకూ దీనికీ తేడా లేదు. అదే నాకు అర్థమైతలేదు."

జవహర్‌కు మొదటి మాట చాలు. "సోమన్నా, గోదాం నిండి నెలయింది. నీ రూముల సగం ఖాళీ చెయ్. పది డ్రమ్ములు ఆడ పెడదం."

సోమన్న మొక్కు అంత తొందరగా తిరగబడుతుందని అనుకోలేదు. అరగంటలో మంచం బయటికి, డ్రమ్ములు లోపలికి వచ్చాయి.

"ఏమని మొక్కినవయ్యా? డ్రమ్ములు ఇంట్లకు రావాలని మొక్కినవా?" అంది సరోజన.

"పోనీలే అమ్మా, రాసుకోనీకి ఎత్తు సరిపోయింది," అంటూ నాగరాణి పుస్తకాలు ఒక డ్రమ్ము మీద సర్దుకుంది. కూతురి ఆ సర్దుబాటు చూస్తూ సోమన్న అక్కడ నిలబడలేకపోయాడు. గుక్కెడు తీర్థమైనా తాగుదామని ల్యాబుకు పోయాడు. మిషన్ దగ్గర లేదు. కిటికీలో మూత పెట్టిన బీకరు కనిపించింది. తీర్థాన్నే ఎవరో అక్కడికి జరిపారనుకొని, మాస్కు దించి, మూత తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఘాటు ముక్కును కోసింది.

ఇది తీర్థం కాదు. మరి మరిగిందేమిటి?

ఏడో తరగతితో ఆగిన చదువైనా ఆ లెక్క తెగడానికి క్షణం పట్టలేదు. నోరు మూసుకుంటే గది నిలుస్తుంది, డ్రమ్ములతో సహా. నోరు విప్పితే గదే పోతుంది. గోడ గడియారం పన్నెండు కొట్టింది. సరోజన అన్నం వండే వేళ. సోమన్న పరుగెత్తాడు.

సరోజన చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని లాక్కొని జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది? నీళ్లలెక్కనే అంటిరి గద?"

"నీళ్లే. కొబ్బరినీళ్లు."

అదే మాట పోయి ప్రశాంతికి చెప్పాడు. తల్లీకూతుళ్లను బయటికి తీసుకురమ్మని, డ్రమ్ములు గోదాముకు పంపించి, ఆమె మళ్లీ కొలిచింది. యాభై ఆరుకే మరిగింది. సంజీవ్ తల ఎత్తలేదు.

"చూసినవా, నీ కాయతోని ఎంత పరేషాన్," అన్నాడు జవహర్. "రేపే ఖాళీ చెయ్."

"రేపు కాదు, ఇయ్యాలే ఖాళీ చేయాలి," అంది ప్రశాంతి. "గోదాంకు ఇరవై మీటర్ల లోపల ఎవరూ పడుకోవద్దు." ఆమె బ్యాగులోంచి టేపు తీస్తూ మాట పూర్తి చేసింది. "కానీ వాచ్‌మన్ లేకుంటే ఈ సరుకు ఉంచనియ్యను. గోదాం కనపడేటట్టు ఆయనకు వేరే రూము ఇయ్యండి. లేదంటే లోడు వాపస్."

టేపు గోదాము గోడ దగ్గర మొదలై, కాటా షెడ్డు దాటి, ఇరవై మీటర్ల దగ్గర ఆగింది. దాని అవతల, ప్రహరీ లోపల, ఉన్న గది ఒక్కటే. జవహర్ ఆఫీసు.

సాయంత్రానికి ఓనరు కుర్చీ కాటా షెడ్డులోకి చేరింది. అతని గాజు టేబుల్ మీద నాగరాణి పుస్తకాలు పరుచుకుంది. "దీన్నెట్ల బంద్ చేస్తరయ్యా, చలి పెడుతున్నది," అని సరోజన ఏసీ కింద కొంగు కప్పుకొని నిలబడింది.

సేఫ్టీ రిజిస్టరులో కాగితం చింపకూడదు, రాసింది కొట్టేయకూడదు. సరుకు పేరు మాత్రం సరిచేయొచ్చు. అందుకని మొదటి పేజీలో ఇప్పటికీ ఉంది: కొబ్బరినీళ్లు, నూటొక్క డిగ్రీలు, ప్రమాదం లేదు.