ఫైవ్ పిన్‌కి వచ్చిన గిరాకీ

వెనకగది మూలనున్న అట్టపెట్టెను ఎలాగైనా వదిలించుకోవాలని సౌండు షాపాయన ఆ ఉదయం గట్టిగా నిశ్చయించుకున్నాడు. నిశ్చయం ఆయనదే గానీ, గట్టిదనం భార్యది. ఆ మూలలో కుట్టుమిషను వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టాలని ఆవిడ ఏడాదిగా పోరుతోంది. మిషను సాయంత్రానికి వచ్చేస్తుంది కూడా.

పెట్టె నిండా ఫైవ్ పిన్ ప్లగ్గులు. పాత టేప్ రికార్డర్లను యాంప్లిఫయర్‌కి కలిపే వైరు చివరన ఉండే గుండ్రటి ప్లగ్గులవి. ఆ టేప్ రికార్డర్లే పోయాక వీటి మొహం చూసిన నాథుడు లేడు. పెట్టెను గుమ్మం దాకా ఈడ్చాడో లేదో, వీధి చివరి రేడియో షాపు నుంచి ఫోను వచ్చింది.

“అన్నా, ఫైవ్ పిన్ ఉందా? ఓ పది కావాలి.”

పదా! షాపాయన పెట్టె మీదే కూలబడ్డాడు. “రెండ్రోజులాగు, చూసి చెప్తా” అన్నాడు, రేటు పెంచే ఉద్దేశంతో. ఆ వెంటనే ఇంకో షాపు, తర్వాత మరొకటి. మధ్యాహ్నానికి వీధి వీధంతా అడిగేసింది. ఆగమన్నకొద్దీ పది కాస్తా ఇరవై అయింది, ఇరవై యాభై అయింది.

“చూశావా, మార్కెట్ తిరిగింది!” అన్నాడు భార్యతో.

“మరి నా మిషనో?”

“దాందేముంది, ఎక్కడో ఓచోట సర్దుదాం. ఇలాంటి ఛాన్సు మళ్ళీ రాదు.”

ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ విసురు ఎంత ప్రమాదమో గమనించే తీరిక ఆయనకి లేదు. హోల్‌సేల్ గోడౌనుకి పరుగెత్తి, అక్కడ మూలుగుతున్న ఫైవ్ పిన్ మూటలన్నీ బేరమాడకుండా కొనేశాడు. గోడౌను ఓనరు టీ తెప్పించి, ఆటో ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు. ఆ మర్యాద చూసైనా అనుమానం రావాల్సింది.

సాయంత్రం మూటలూ మిషనూ ఒకేసారి దిగాయి. వెనకగది మూటలతో నిండిపోయింది. మిషను వీధిలో నిలబడింది, దాని పక్కన భార్య. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి షాపాయన మనసు చివుక్కుమంది. అంతలో మామగారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

“ఎక్కణ్ణించి నాన్నా?” అంది భార్య.

“పొద్దుట్నుంచీ ఈ వీధిలోనే తిరుగుతున్నానమ్మా. నా పాత టేప్ రికార్డరుకి ఫైవ్ పిన్ ఒకటి కావాలి. ఏ షాపువాడూ లేదనడు. సాయంత్రం రండి, తెప్పిస్తామంటాడు.”

వీధి వీధంతా అడిగింది ఈ ఒక్కదాని కోసమేనని షాపాయనకి అప్పుడు వెలిగింది. ఆ వీధిలో కస్టమరుతో లేదనడం నామోషీ. పక్క షాపువాణ్ణి ఒక్కటి అడగడం అంతకన్నా నామోషీ. పది అనాలి, ఆగమంటే ఇరవై అనాలి. రోజూ తను చేసే పనీ అదే.

“నన్నే అడక్కపోయారా మామయ్యా!”

“నువ్వైతే డబ్బులు తీసుకోవు బాబూ. మొహమాటం.”

భార్య మూటల్ని చూసింది, మొగుణ్ణి చూసింది, పకపకా నవ్వేసింది. “మిషను కౌంటరు దగ్గర వేయించండి. మార్కెట్ తిరిగిందిగా!”

ఆయన తన కుర్చీ తీసి చోటిచ్చాడు. పక్క షాపావిడ అప్పుడే కర్టెన్లు కుట్టమని తెచ్చింది. షాపాయన మూట మీద కూర్చుని చూస్తుంటే, మామగారు ఒక ప్లగ్గు ఏరుకుని గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

“ఎందుకైనా మంచిది, ఇంకోటివ్వు బాబూ.”

దాంతో మార్కెట్లో ఫైవ్ పిన్‌కి గిరాకీ రెట్టింపయింది.