ఏడో నరం సెలవు చీటీ

సోమవారం ఉదయం పదిన్నరకు రత్నమాణిక్యం ఎడమ చెంపలోని ఏడో నరం సెలవు చీటీ పెట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా తెరిపి లేకుండా నవ్విస్తున్నాననీ, ఇక ఓపిక లేదనీ, దీర్ఘకాలిక సెలవు ఇప్పించవలసిందనీ రాసింది. సూపరింటెండెంటు విశ్వపతి గారు చదివి, "రెండో కాపీ ఏదమ్మా?" అని మాత్రం అడిగారు. నరాలు సెలవు అడగడం ఆ ఆఫీసులో కొత్తేమీ కాదు. పోయినేడాది ఒక గుమస్తా పంటి నొప్పి భరించలేక తన ఐదో నరాన్ని రిలీవ్ చేయించుకున్నాడు.

అది ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు. రత్నమాణిక్యం ఒకటో కౌంటరు గుమస్తా. ప్రతి ఫిర్యాదునూ నవ్వుతూ తీసుకోవాలని సర్క్యులరు ఉంది. పైగా బుధవారం మీటింగులో ఆఫీసరు గారు జోకు వేస్తే సీనియారిటీ ప్రకారం నవ్వాలి. ఆమెది నాలుగో నవ్వు. ఈ చాకిరీ అంతా ఏడో నరానిదే. చెవి వెనక ఎముక సందులోంచి బయటికొచ్చి, లాలాజల గ్రంథిలో దూరి, ఐదు కొమ్మలుగా చీలి నుదురు మొదలు మెడదాకా కదిలిస్తుంది. ఐదో నరానికి మూడే కొమ్మలు. ముఖానికి ఏం తగిలిందో పైకి చెప్పడం, నమలడం చూసుకోవడం దాని పని. ఒకటి కబురు పైకి మోస్తుంది, ఇంకొకటి హుకుం కిందికి తెస్తుంది. ఒకే చెంపలో ఇన్నేళ్లు పనిచేసినా రెండూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సెలవు ఆ పూటే మంజూరైంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి కూడా ఇవ్వాలి కదా. టైపిస్టు సోమలింగం ఎప్పటిలాగే పాత ఆర్డరు, ఆ పంటి నొప్పి గుమస్తాది, తెరిచి పేరు మార్చాడు, తేదీ మార్చాడు, 'ఐదు' అన్న అంకెను అలాగే వదిలేశాడు. ఆర్డరు మొదటినుంచీ టైపు చేసినవాడు ఆ ఆఫీసు చరిత్రలో లేడు. సాయంత్రానికి ఐదో నరం ఛార్జి అప్పగించి వెళ్లిపోయింది. ఏడోది గొణుక్కుంటూ సీట్లోనే ఉండిపోయింది.

మంగళవారం ఒక రైతు అర్జీని ఉండచుట్టి ఆమె ముఖాన కొట్టాడు. ఎడమ చెంపకు తగిలింది. ఆమెకు తెలియలేదు, నవ్వు చెదరలేదు. ఆఫీసరు గారు ముచ్చటపడి ప్రమోషనుకు ఆమె పేరు రాశారు. నిజం చెప్పాలంటే ఆమెకూ హాయిగానే ఉంది. ముఖాన పడ్డవన్నీ రోజూ ఇంటికి మోసుకెళ్లేది. ఇప్పుడు సగమే.

ఆదివారం కూతురు హిమజ వెనకనుంచి వచ్చి తల్లి ఎడమ చెంపకు తన చెంప ఆనించింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్లకు అదే అలవాటు. రత్నమాణిక్యం బీరకాయ చెక్కు తీసుకుంటూ ఉంది.

"ఇందాకట్నించీ ఇక్కడే ఉన్నానమ్మా."

"ఎక్కడే?"

పిల్ల తమాషా అనుకుంది. తల్లి వైపు తిరిగి చూసి బిక్కమొహం వేసింది. ఆ ముఖం చక్కగా నవ్వుతూనే ఉంది. రత్నమాణిక్యానికి భయమేసింది.

మర్నాడు ఆమె విశ్వపతి గారి ముందు నిలబడింది.

"అంకె తప్పు పడిందండీ. నా ఐదోది నాకు తెప్పించండి."

"తెప్పిస్తాం. కానీ మంజూరైన సెలవు ఎవరో ఒకరు వాడాలి. ఐదోది వస్తే ఏడోది వెళ్లాలి. సగం నవ్వు నవ్వితే జనం వెక్కిరింత అనుకుంటారు, కౌంటర్లో ఉంచలేం. ప్రమోషనూ పోద్ది, రికార్డు గదికెళ్లాలి. ఇంత బాగా నవ్వుతున్నావు కదమ్మా, ఎవరికి ఇబ్బంది?"

"నాకేనండీ," అంది రత్నమాణిక్యం నవ్వుతూ, సంతకం పెట్టింది.

మధ్యాహ్నం ఐదో నరం వచ్చి చేరింది. ముందు ఫ్యాను గాలి తగిలింది, తర్వాత జారిన వెంట్రుక. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి ఆమె ఏడ్చేసింది. కన్నీళ్లు కుడి కంటినుంచే వచ్చాయి. ఎడమ కన్నీళ్ల శాఖ ఏడో నరం కింద ఉందట, అది అప్పటికే బస్సెక్కింది. మూతి కుడివైపు లాగేసింది. ఎడమ కన్ను వేలితో మూసుకోవాల్సి వచ్చింది. రుచి శాఖా దాని కిందేనట, ఆవకాయ ఎడమ పక్క నాలుకకు చప్పగా ఉంది.

రికార్డు గదిలో పదకొండు మంది ఉన్నారు. అందరి మూతులూ ఓ పక్కకు జారి ఉన్నాయి. ఎవరూ నవ్వి పలకరించలేదు. ఒకావిడ కిటికీ పక్కకు కుర్చీ జరిపి, "ఇక్కడ కూచోండి, నాలుగింటికి ఎండొస్తది," అంది. నాలుగింటికి ఎండ వచ్చింది. పన్నెండు మందీ చెంపలు అటు తిప్పారు.

ఇంటికెళ్లాక హిమజ చెంప ఆనించి, "నవ్వట్లేదేంటమ్మా?" అంది.

"నీ చెంప చల్లగా ఉందే," అంది తల్లి. పిల్ల అలాగే ఉండిపోయింది.

ఒకటో కౌంటరుకు కొత్తమ్మాయి వచ్చింది. ఆమె నియామకానికి సోమలింగం పాత ఆర్డరు వెతికితే ఐదో నరానికి సెలవని తప్పు పడ్డదే చేతికి తగిలింది. పేరు మార్చాడు, తేదీ మార్చాడు. ఆఫీసరు గారు చూసి, 'ఎడమ' అన్నచోట 'రెండు వైపులా' అని స్వయంగా దిద్ది, ఇకమీదట ఇదే నమూనా అన్నారు. ఇప్పుడు అన్ని కౌంటర్లకూ అదే ఆర్డరు. దీనిమీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే ఒకటో కౌంటర్లో ఇవ్వవచ్చు. నవ్వుతూ తీసుకుంటారు.